చైన్ సా కార్బొరేటర్: మార్చే ముందు చూడవలసినవి, మార్చే పద్ధతి, ఆ తరువాతి సంరక్షణ

మామిడి కాపు దిగిపోయాక, జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా, మొయినాబాద్, చేవెళ్ల వైపు తోటల్లో కొమ్మల కత్తిరింపు సాగుతుంది. హైదరాబాద్ నగరంలో అంతకు ముందే తొలకరి గాలివానలు మొదలై, విరిగిన కొమ్మలు ప్రహరీల మీదా దారుల మీదా పడుతుంటాయి. ఆ రెండు మూడు నెలలు తీరిక లేకుండా తిరిగిన చైన్ సాను, అంటే పెట్రోలుతో నడిచే గొలుసు రంపాన్ని, తుడిచి మూలన పెడితే, మళ్ళీ బయటికి తీసేది చాలామంది మరుసటి వేసవిలోనే. ట్యాంకులో మిగిలిపోయిన అరలీటరు పెట్రోలు ఆ పది నెలల్లో, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బొరేటర్‌ను ఏం చేసిందో, తాడు ఎన్నిసార్లు లాగినా మిషన్ స్టార్టు కాని రోజున గానీ తెలియదు.

అప్పుడు వినిపించే మాట ఒకటే: కార్బొరేటర్ పోయింది, కొత్తది వేయాలి. ఈ మాటను వెంటనే నమ్మవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా తోటలో ఉన్న 52 సీసీ మిషన్‌కు ఒకే ఏడాదిలో రెండుసార్లు కార్బొరేటర్ మార్పించాను. రెండుసార్లూ నాలుగు రోజులు బాగా నడిచి మళ్ళీ మొరాయించింది. మూడోసారి నేనే విప్పి చూస్తే, పెట్రోలు పైపు ట్యాంకు గోడను దాటే చోట వెంట్రుకంత చీలిక కనిపించింది. పైపు తిన్నగా ఉన్నంతసేపు ఆ చీలిక మూసుకుని ఉంటుంది, వంచితేనే తెరుచుకుంటుంది. పైపు మార్చి, పక్కన పడేసిన పాత కార్బొరేటర్‌నే శుభ్రం చేసి బిగిస్తే ఇప్పటికీ నడుస్తోంది. అందుకే ఇక్కడ విప్పడం కంటే ముందు పరీక్ష, బిగించడం కంటే తరువాతి ట్యూనింగ్ గురించి ఎక్కువ రాస్తున్నాను.

లోపల జరిగే పని

పాత బైకుల కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే చిన్న తొట్టి, అందులో తేలే ఫ్లోట్ ఉంటాయి. చైన్ సాను పక్కకు వంచి, తలకిందులు చేసి కూడా వాడతాము కాబట్టి దీనిలో ఫ్లోట్ పనికిరాదు. దాని బదులు రెండు పలుచని పొరలు ఉంటాయి. పిస్టన్ కదిలినప్పుడల్లా దాని కింద ఉండే క్రాంక్‌కేసులో పెరిగి తగ్గే ఒత్తిడి ఒక సన్నని రంధ్రం గుండా కార్బొరేటర్‌కు చేరి, పంపు డయాఫ్రం అనే మొదటి పొరను ఆడిస్తుంది. ఆ పొర ట్యాంకులోని పెట్రోలును లాగి లోపలికి నెడుతుంది. రెండో పొర మీటరింగ్ డయాఫ్రం. ఇంజిన్ పెట్రోలు పీల్చుకున్నకొద్దీ ఈ పొర లోపలికి వంగి చిన్న మీటను నొక్కుతుంది, మీట పెట్రోలు దారిని మూసి ఉంచే నీడిల్‌ను లేపుతుంది, కావలసినంత పెట్రోలు గదిలోకి వస్తుంది. ఎంత కావాలో అంతే రావడమన్నది ఈ పొర మెత్తదనం మీద ఆధారపడి ఉంది.

పాతబడిన మీటరింగ్ డయాఫ్రంను ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడవలసిందే. కొత్తది వేలి కొసతో తాకితే నీటి మీద పొరలా కదులుతుంది, చప్పుడు ఉండదు. పాతది వేలితో నొక్కి వదిలితే వేయించిన అప్పడంలా టప్పుమంటుంది, అంచుల దగ్గర ముడతలు పడి ఉంటుంది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మధ్య రేకు చుట్టూ రంగు మారిన వలయం కనిపిస్తుంది. అలా బిరుసెక్కిన పొర మీటను పూర్తిగా నొక్కలేదు, ఇంజిన్‌కు పెట్రోలు చాలదు. చిల్లు పడకపోయినా సరే, దాని పని అయిపోయినట్టే.

నింద కార్బొరేటర్ మీద వేసే ముందు

పదిసార్లు తాడు లాగిన తరువాత స్పార్కు ప్లగ్గు విప్పి చూడాలి. ప్లగ్గు కొస పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిసి ముద్దయితే ఎక్కువగా వస్తోంది, లేదా స్పార్కు లేదు. ఈ ఒక్క పరీక్ష సగం దారి చూపిస్తుంది.

పొడిగా ఉన్నప్పుడు మొదట ట్యాంకులోని ఫిల్టర్‌ను చూడాలి. ఒక తీగ కొసను కొక్కెంలా వంచి, మూత తీసిన రంధ్రం గుండా పైపును బయటికి లాగితే దాని చివర ఫిల్టర్ ఉంటుంది. అది నల్లబడి ఉంటే మార్చాలి. దుమ్ములో ఎక్కువగా పనిచేసే మిషన్‌కు సీజనుకు ఒకసారి మార్చడం మంచిది. తరువాత పైపును చేతికి దొరికినంత మేర వంచి, సాగదీసి చూడాలి. ట్యాంకు గోడను దాటే చోటును, కార్బొరేటర్ గొట్టానికి తొడిగే చోటును మరీ జాగ్రత్తగా చూడాలి.

మిషన్ పది నిమిషాలు చక్కగా నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత కొద్దిగా వదులు చేయగానే మళ్ళీ స్టార్టు అయితే, తప్పు కార్బొరేటర్‌ది కాదు, ట్యాంకుకు గాలి అందించే బ్రీతర్ మూసుకుపోయింది. ట్యాంకులో ఖాళీ అయిన మేరకు గాలి చేరకపోతే పెట్రోలు పైకి రాదు. మే నెల ఎండలో మూత తీసేటప్పుడు మాత్రం ముఖాన్ని దూరంగా ఉంచి, కొద్దికొద్దిగా తిప్పుతూ వదలాలి, లేదంటే వేడికి పెరిగిన ఒత్తిడితో పెట్రోలు ఎగజిమ్ముతుంది.

చోక్ (గాలి దారిని మూసే తలుపు) వేసినప్పుడు మాత్రమే నడిచి, చోక్ తీయగానే లేదా ఎక్సలేటర్ నొక్కగానే ఆగిపోతుంటే రెండు కారణాలు ఉండవచ్చు: పెట్రోలు తక్కువగా రావడం, లేదా ఎక్కడి నుంచో అదనపు గాలి లోపలికి చేరడం. స్లో రన్నింగ్ (ఎక్సలేటర్ వదిలినప్పటి వేగం) దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే, మిషన్‌ను ఒక పక్కకు వంచినప్పుడు వేగం మారుతుంటే, గాలి చేరుతోందనే అనుమానించాలి. కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే రబ్బరు బూటు పగలడం, క్రాంక్ సీళ్ళు అరగడం దీనికి కారణాలు. సీళ్ళు పోయిన మిషన్‌కు ఎంత మంచి కార్బొరేటర్ వేసినా సెట్టింగ్ నిలబడదు.

శక్తి తగ్గింది, కానీ నడక సాఫీగానే ఉంది అంటే ఎయిర్ ఫిల్టర్‌నూ, సైలెన్సర్ లోపల జాలీ ఉన్న మిషన్లలో ఆ జాలీకి పట్టిన మసినీ చూడాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్న తరువాతే కార్బొరేటర్ మీద చేయి వేయాలి.

విప్పడం

మిషన్ పూర్తిగా చల్లారాలి. ప్లగ్గు క్యాప్ తీసి పక్కకు ఉంచాలి. ట్యాంకులోని పెట్రోలును మందమైన డబ్బాలోకి వంపేయాలి, పలుచని నీళ్ళ బాటిల్‌లోకి వద్దు. పని ఆరుబయట గాలి ఆడే చోట జరగాలి. దగ్గరలో పొయ్యి, దీపం, దోమల చక్రం ఏదీ వెలుగుతూ ఉండకూడదు. పెట్రోలు ఆవిరి నేలను అంటిపెట్టుకుని దూరం వరకూ పాకుతుంది కాబట్టి ఈ జాగ్రత్తను తేలికగా తీసుకోవద్దు.

పై కవరు తీయడానికి ముందే బ్రష్షుతో మిషన్ అంతా దులపాలి. రంపపు పొట్టు, నూనె కలిసి గట్టిపడిన మట్టి పెళ్ళలు గాలి రంధ్రంలో పడితే నేరుగా సిలిండర్‌లోకి పోతాయి. కవరు తీశాక చోక్ మూసి, అప్పుడు ఎయిర్ ఫిల్టర్ తీయాలి. చోక్ తలుపు మూసి ఉంటే రాలిన దుమ్ము లోపలికి పడదు.

ఈ దశలో ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోవాలి. ఎక్సలేటర్ కడ్డీ ఏ రంధ్రంలో ఉంది, చోక్ కడ్డీ దేనికి తగిలించి ఉంది, పైపు ఎటు నుంచి వచ్చింది అన్నవి విప్పిన గంట తరువాత ఎవరికీ సరిగ్గా గుర్తుండవు. చాలా మిషన్లలో కార్బొరేటర్‌ను పట్టి ఉంచేవి రెండే నట్లు లేదా రెండు పొడవైన స్క్రూలు. చిన్న మిషన్లలో తరచుగా 8 మి.మీ. బాక్సు పానా సరిపోతుంది, కొన్నింటికి అలెన్ కీ కావాలి. వాటిని వదులు చేసి, ఫిల్టర్ పీఠాన్ని తీసి, కార్బొరేటర్‌ను తిన్నగా ముందుకు జరపాలి. ఎక్సలేటర్ కడ్డీ కొక్కెం తప్పేవరకూ గట్టిగా లాగకూడదు. పెట్రోలు పైపును వేళ్ళతోనే మెలితిప్పుతూ తీయాలి. పట్టకారుతో లాగితే పాత పైపు కొస చీలుతుంది, మొదట చెప్పిన కథ మళ్ళీ మొదలవుతుంది.

కార్బొరేటర్ చేతికి రాగానే ఇంజిన్ వైపు రంధ్రంలో నూలు పోగులు రాలని శుభ్రమైన గుడ్డ ముక్కను కుక్కాలి. కార్బొరేటర్‌కు వెనుక ఉండే ప్యాకింగ్, అంటే గ్యాస్కెట్, ఏ వైపు తిరిగి ఉందో చూసుకోవాలి. దానిలో పెద్ద రంధ్రం పక్కన ఒక చిన్న రంధ్రం ఉంటే, పంపు డయాఫ్రంకు ఊపును అందించే దారి అదే. ప్యాకింగ్ తిరగబడితే ఆ దారి మూసుకుపోతుంది. మిగతావన్నీ సవ్యంగా ఉన్నా పెట్రోలు చుక్క కూడా పైకి రాదు, కొత్త కార్బొరేటర్ పనిచేయడం లేదని మనం దుకాణదారుతో వాదనకు దిగుతాము.

కిట్ వేయడమా, కొత్తది కొనడమా

లోహపు శరీరం బాగుండి, ఎక్సలేటర్ నొక్కితే తెరుచుకునే తలుపు ఇరుసు కదలాడకుండా ఉంటే రిపేర్ కిట్ చాలు. రెండు డయాఫ్రంలు, ప్యాకింగులు, నీడిల్, మీట, సన్నని జాలీ కిట్‌లో వస్తాయి. ఇరుసు పక్కలకు ఊగుతుంటే, లోపలి దారుల్లో తెల్లటి లేదా ఆకుపచ్చని పొలుసు పట్టి ఉంటే, స్క్రూల మరలు అరిగిపోతే కొత్తదే వేయాలి.

కార్బొరేటర్ శరీరం మీద చెక్కిన అంకెలు, అక్షరాలే దాని అసలు చిరునామా. వాల్‌బ్రో, జామా, టిల్లోట్సన్ వంటి తయారీదారులు మోడల్ గుర్తును దాని మీదే వేస్తారు. రాణిగంజ్‌లో దుకాణానికి వెళ్ళేటప్పుడు మిషన్ పేరు చెప్పి ఊరుకోకుండా పాత కార్బొరేటర్‌ను చేతిలో పట్టుకుని వెళ్ళాలి. చూడటానికి ఒకేలా ఉండే రెండింటిలో గాలి రంధ్రం వెడల్పు, పెట్రోలు గొట్టం దిశ, మీటల స్థానం వేరుగా ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చిన తరువాతే డబ్బు ఇవ్వాలి.

కిట్ వేసేవారు ఒక స్టీలు పళ్ళెంలో తెల్లగుడ్డ పరిచి దాని మీద పని చేయాలి. మీట కింద ఆవగింజంత వెడల్పు స్ప్రింగు ఉంటుంది, మీటను పట్టిన చిన్న స్క్రూ తీయగానే అది ఎగిరిపోతుంది, కాబట్టి మీట మీద వేలు ఆనించి ఉంచాలి. డయాఫ్రం, ప్యాకింగ్ ఏది ముందు ఏది వెనుక అన్నది ఫోటో తీసుకోవాలి. మీటరింగ్ వైపు మామూలుగా శరీరం మీద ముందు ప్యాకింగ్, దాని మీద డయాఫ్రం వస్తాయి. పంపు వైపు వరస వేరుగా ఉంటుంది, అక్కడ విప్పినప్పుడు ఉన్న వరసనే పాటించాలి. కొత్త మీటను చేత్తో వంచకూడదు. దాని ఎత్తు ఎక్కువైతే ఇంజిన్ పెట్రోలుతో నిండిపోతుంది, తక్కువైతే చాలదు.

శుభ్రం చేయడానికి కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే వాడాలి, రబ్బరు భాగాలన్నీ తీసిన తరువాతే. కళ్ళద్దాలు తప్పనిసరి, ఎందుకంటే ఒక రంధ్రంలో కొట్టిన మందు మరో రంధ్రం నుంచి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. సన్నని రంధ్రాల్లో సూదులు, తీగలు దూర్చవద్దు. వాటి కొలత వెంట్రుకవాసి పెరిగినా మిశ్రమం మారిపోతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలిని దగ్గరగా పెట్టి కొట్టడం ఇక్కడ చాలామందికి అలవాటు, దాని ధాటికి లోపలి చిన్న వాల్వు దెబ్బతింటుంది. స్ప్రే కొట్టి, కాసేపు ఆగి, మళ్ళీ కొట్టడమే సరైన పద్ధతి. పెట్రోలును సరిచేసే హెచ్, ఎల్ స్క్రూలు పూర్తిగా తీసే ముందు, అవి మూసుకునేవరకూ ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి.

బిగించడం

విప్పిన వరసకు ఎదురుగా రావడమే. అయితే పాత ప్యాకింగ్‌ను మళ్ళీ వాడవద్దు, దానికి గమ్ము పూయవద్దు. గమ్ము ఊపు దారిలోకి జారి మూసేస్తుంది. కొత్త పైపు, కొత్త ఫిల్టర్ కూడా ఇప్పుడే వేయడం మేలు. నట్లను ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదాని దగ్గరకు పోకుండా, కొంత ఇటు, కొంత అటు బిగించాలి. లేకపోతే కింది ప్లాస్టిక్ పీఠం వంకరపోయి గాలి చొరబడుతుంది. బిగించిన తరువాత ఎక్సలేటర్ పూర్తిగా నొక్కి వదిలి, తలుపు దానంతట అది మూసుకుంటోందో లేదో కంటితో చూడాలి. మూసుకోకపోతే స్టార్టు చేసిన మరుక్షణం చైను పూర్తి వేగంతో తిరుగుతుంది.

ట్యూనింగ్

చాలా కార్బొరేటర్ల మీద మూడు స్క్రూలు ఉంటాయి. ఎల్ తక్కువ వేగానికి, హెచ్ పూర్తి వేగానికి పెట్రోలును నిర్ణయిస్తాయి. ఎల్ఏ లేదా టీ అని గుర్తు ఉన్నది స్లో రన్నింగ్‌ను మారుస్తుంది. ఎల్, హెచ్‌లను కుడివైపు తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది. మాన్యువల్ దొరకనప్పుడు రెండింటినీ మెల్లగా చివరిదాకా మూసి, ఒక్కొక్క చుట్టు తెరవడం మొదటి స్టార్టుకు సరిపోయే స్థితి. మూసేటప్పుడు బలం వాడితే సూది మొన పాడవుతుంది. కంప్యూటర్ నియంత్రణ ఉన్న కొత్త మిషన్లలో ఈ స్క్రూలు ఉండవు, వాటిని అధీకృత సర్వీసుకే ఇవ్వాలి.

స్క్రూలకు చేయి తగిలించే ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి, బార్ (చైను తిరిగే పట్టీ), చైను మిషన్‌కు బిగించి ఉండాలి, ఇంజిన్ మూడు నాలుగు నిమిషాలు నడిచి వేడెక్కి ఉండాలి. చైన్ బ్రేకు వేసి, మిషన్‌ను నేల మీద పెట్టి, కాలితో వెనుక పిడిని తొక్కిపట్టి స్టార్టు చేయాలి. వేడెక్కాక మొదట ఎల్ స్క్రూను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ వేగం అన్నిటికంటే ఎక్కువగా వినిపించే చోటును పట్టుకోవాలి. అక్కడి నుంచి ఎడమవైపు ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు తెరవాలి. ఎక్సలేటర్ నొక్కగానే తడబడకుండా వేగం అందుకుంటే ఎల్ సరిపోయింది. తరువాత బ్రేకు తీసి, ఎల్ఏ స్క్రూతో చైను పూర్తిగా ఆగిపోయేంత వరకూ స్లో రన్నింగ్ తగ్గించాలి. ఇంజిన్ ఆగకూడదు, చైను కదలకూడదు.

హెచ్ స్క్రూ దగ్గరే ఇంజిన్లు పాడయ్యేది. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు నూనె అందేది పెట్రోలుతో పాటే. పెట్రోలు తగ్గిస్తే నూనె కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, చివరికి పిస్టన్ గీతలు పడి సిలిండర్‌ను పట్టేస్తుంది. పెట్రోలు తగ్గిన మిషన్ శబ్దం చెవికి చాలా హుషారుగా, సన్నగా, గట్టిగా వినిపిస్తుంది, అదే మనల్ని మోసం చేస్తుంది. హెచ్‌ను ముందు కావాలనే కొంచెం ఎక్కువ తెరిచి, బ్రేకు తీసి, చైనుకు ఏదీ తగలకుండా రెండు మూడు సెకన్లు మాత్రమే పూర్తి ఎక్సలేటర్ ఇవ్వాలి. అప్పుడు శబ్దం సాఫీగా కాక, గరగరమంటూ తెగితెగి వస్తుంది. కుడివైపు అణువణువుగా తిప్పుతూ ఆ గరగర ఖాళీగా తిరిగినప్పుడు కొద్దిగా మిగిలి, కొమ్మలో చైను దిగగానే మాయమయ్యే చోట ఆపాలి. ఖాళీగా తిరిగేటప్పుడే గరగర పూర్తిగా పోయిందంటే హద్దు దాటినట్టు, వెంటనే వెనక్కు తెరవాలి. ఇంజిన్ వేగాన్ని కొలిచే టాకోమీటర్ ఉంటే మాన్యువల్‌లో చెప్పిన గరిష్ఠ వేగాన్ని మించకుండా చూసుకోవచ్చు. అది లేనివారు ఎప్పుడూ కొంచెం ఎక్కువ పెట్రోలు వైపే ఉండటం క్షేమం. బ్రేకు వేసి ఉంచి పూర్తి ఎక్సలేటర్ ఇస్తే క్లచ్ కాలిపోతుంది.

హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. కోస్తాలో ట్యూన్ చేసి తెచ్చిన మిషన్ ఇక్కడి కొద్దిపాటి పలుచని గాలికి కాస్త ఎక్కువ పెట్రోలు తాగినట్టు అనిపించవచ్చు, అందులో ప్రమాదం లేదు. ప్రమాదం రుతువుల మార్పులో ఉంది. మే నెల మధ్యాహ్నం, 40 డిగ్రీలు దాటిన వేడిలో గాలి పలుచగా ఉన్నప్పుడు హెచ్‌ను సరిగ్గా హద్దు మీద నిలిపితే, అదే సెట్టింగ్ డిసెంబర్ ఉదయపు చల్లని చిక్కటి గాలికి పెట్రోలు తక్కువైపోతుంది. కాబట్టి ఎండాకాలంలో ట్యూన్ చేసిన మిషన్‌ను చలికాలంలో వాడే ముందు హెచ్‌ను మరొక్కసారి సరిచూడాలి.

పెట్రోలు, నూనె, నిల్వ

ఇప్పుడు బంకుల్లో వచ్చే సాధారణ పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ కలుస్తోంది. చాలా చైన్ సా మాన్యువల్‌లు 10 శాతం మించవద్దంటాయి. ఎథనాల్ రబ్బరు పైపులను, డయాఫ్రంలను ఉబ్బించి బిరుసెక్కిస్తుంది, వానాకాలపు తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఎథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకు దిగుతుంది. ఫిల్టర్ ఉండేది కూడా అడుగునే, ఆ పొరలో నూనె దాదాపు ఉండదు. దానికి తోడు, ఎథనాల్ ఎక్కువగా ఉన్న పెట్రోలుకు హెచ్ స్క్రూ కాస్త ఎక్కువ తెరిచి ఉండాలి.

అందువల్ల ఆ వారానికి సరిపడేంతే కలుపుకోవాలి. మంచి టూ స్ట్రోక్ నూనెతో 50:1 అని మాన్యువల్ చెబితే లీటరుకు 20 మి.లీ., 25:1 అని చెబితే 40 మి.లీ. కలపాలి. మెడికల్ షాపులో దొరికే 20 మి.లీ. సిరంజి ఈ కొలతకు బాగా పనికొస్తుంది. కంటి అంచనాతో మూతల లెక్కన పోయవద్దు. డబ్బా మీద కలిపిన తేదీ రాసి, నెల దాటిన మిశ్రమాన్ని మిషన్‌లో పోయకుండా పక్కన పెట్టాలి.

పని ఉన్న రోజుల్లో ప్రతి సాయంత్రం ఎయిర్ ఫిల్టర్ దులపాలి. జాలీ రకమైతే గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే పెట్టాలి. ఇరవై రోజులకు మించి వాడబోమని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసి, స్టార్టు చేసి, స్లో రన్నింగ్‌లో దానంతట అదే ఆగిపోయేదాకా నడపాలి. ఆగాక చోక్ వేసి మరో నాలుగైదుసార్లు తాడు లాగాలి, గదిలో మిగిలిన కొద్దిపాటి పెట్రోలు కూడా పోతుంది. ఆ తరువాత మిషన్‌ను గోనె సంచిలో చుట్టి, సిమెంటు రేకుల వేడి తగలని చోట నేలకు జానెడు ఎత్తున పెట్టాలి. మళ్ళీ తీసిన రోజున పైపును ఒకసారి వంచి చూసి, కొత్తగా కలిపిన పెట్రోలు పోసి, ప్రైమర్ బల్బు (పెట్రోలును పైకి లాగే చిన్న రబ్బరు బుడగ) ఉంటే అందులో పెట్రోలు కనిపించేదాకా నొక్కి, ఆ తరువాతే తాడు మీద చేయి వేయాలి.